నది దగ్గర మళ్లిపోతుందన్నాడు

చర్చి హాలు వంటగదిలో వెర్నా కూతురి చేతిని సబ్బుతో తోముతోంది. మార్కర్ పెన్నుతో రాసిన పేరు, దాని కింద తండ్రి ఫోన్ నంబరు నాలుగో రోజుకూ పోలేదు. సుడిగాలి సైరన్ మోగితే ఓక్లహోమా తల్లులు పిల్లల చేతుల మీద అలా రాస్తారు, గాలి ఎక్కడ పడేసినా ఎవరి బిడ్డో తెలియాలని. ఇంటి పెద్ద నంబరే ఉండాలన్నది భర్త లీలండ్ మాట. "పశువులకు ముద్రలేస్తున్నావా?" అన్నదీ అతనే, ప్రతిసారీ.

పన్నెండేళ్లుగా నీళ్లు, టార్చి, అత్త మాడీన్ మందులు ఇంటి కింది నేలమాళిగలోకి మోసేది వెర్నా. గాలి ముప్పు తప్పాక పైకి మోసేదీ వెర్నాయే. లీలండ్ వరండాలో నిలబడి ఆకాశం చూసేవాడు. ఏ సుడిగాలైనా నది మలుపు దగ్గర పక్కకు పోతుందని ఆ ఊరి మగవాళ్ల ధీమా. అతని తండ్రీ అలాగే నిలబడి చూశాడట.

ఆ సాయంత్రం టీవీలో గాలి ఊరిని చేరడానికి ఎనిమిది నిమిషాలన్నారు. వెర్నా కూతుర్ని నేలమాళిగలోకి దింపి అత్త కోసం పైకొచ్చింది. పదకొండు మెట్లు, మోకాళ్లు వంగని మనిషికి మెట్టుకు అర నిమిషం. సరిపోతుంది. మూడు మెట్లు దిగారు కూడా.

"అమ్మనెందుకు హింసపెడతావ్? నది దగ్గర మళ్లిపోతుంది. కుర్చీలో కూర్చోబెట్టు," అన్నాడు లీలండ్.

"వాడు చెప్పాడుగా అమ్మాయ్," అంది ముసలామె, ఊపిరి పీల్చుకుంటూ.

వెర్నా పైకెక్కించి కూర్చోబెట్టింది. ఒళ్లో దుప్పటి కూడా సర్ది, కింద ఉన్న కూతురి దగ్గరికి దిగింది.

గాలి నదిని దాటి సూటిగా వచ్చింది. లీలండ్ ఆ కుర్చీ పక్కనుంచే పరుగెత్తి కిందికి దిగాడు, ఒక్కడే. వాళ్లు పైకొచ్చేసరికి ఇల్లు లేదు. ఊళ్లో పోయిన పదిహేడు మందిలో మాడీన్ ఒకతె.

ఇప్పుడు హాలులోంచి అతని గొంతు వినిపిస్తోంది. "అమ్మను దింపే బలం వెర్నాకు చాలలేదు, పాపం. నేనామెను ఏమీ అననండి."

పాస్టరు అతని మంచితనానికి తలూపాడు. రేపు సమాధి దగ్గరా ఇదే మాట చెబుతారు.

కూర్చోబెట్టిన చేతులు తనవే. ఆ వంతు వెర్నా ఎవరి మీదికీ నెట్టదు. అతని వంతు మాత్రం ఇక మోయదు. కూతురి చెయ్యి పట్టుకుని హాలులోకి వచ్చింది.

"పాస్టర్ గారూ, మూడు మెట్లు దిగాం. దింపే బలం నాకుంది. వెనక్కి ఎక్కించమన్నది ఈయన."

"అందరి ముందూ ఇప్పుడెందుకు?" అన్నాడు లీలండ్, నెమ్మదిగా.

ఎవరి గిన్నె ఎవరిదో రాయడానికి భోజనాల బల్ల మీద పెట్టిన మార్కర్ తీసుకుని, వెర్నా కూతురి చేతి మీది నంబరు కొట్టేసి తన నంబరు మొదలుపెట్టింది.

"సైరన్ మోగలేదుగా అమ్మా," అంది పిల్ల.

వెర్నా రాయడం ఆపలేదు.