చెమట పట్టని ఎండ

రాయపూర్ ఎండ గురించి ఎవరైనా మాట్లాడాలంటే ముందు నన్నడగాలి. నేను పుట్టింది ఇక్కడే. మా నాన్న పనిచేసింది వ్యాగన్ రిపేర్ షాపులో. పెళ్ళయ్యాక నేను కాపురానికొచ్చింది కూడా అదే రైల్వే కాలనీలో, పుట్టింటికి రెండు లైన్ల అవతలికి. ఏ నెలలో ఏ మొక్క మాడుతుందో, ఏ వేళప్పుడు ఏ మనిషి పడిపోతాడో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆంధ్రా నుంచి కొత్తగా దిగినవాళ్ళందరికీ నేనే చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. గంగాభవానికి నోరెక్కువ అంటారు. అననీండి.

అలాంటి నా ఇంటికి, డెబ్బై ఎనిమిదిలో, మా మామగారు దానయ్య గారు వచ్చారు. భీమిలి దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊళ్ళో జీవితమంతా కూరగాయలు పండించిన మనిషి. అత్తగారు పోయాక పొలం చిన్నకొడుక్కి ఒప్పజెప్పి మా దగ్గరికొచ్చేశారు. వచ్చిన మర్నాడే పార పట్టుకుని క్వార్టరు వెనక పెరట్లోకి దిగారు. రాళ్ళు ఏరి, పశువుల ఎరువు కలిపి, ఆనప గింజలు నాటారు. ఆ చేతిలో ఏముందో గాని, మేం నాటితే పిచ్చిమొక్కలు తప్ప రాని నేలలో ఒక్క గింజ కూడా వృథా పోలేదు. ఏప్రిల్ మొదట్లో తీగలు పందిరెక్కాయి. నేను మెచ్చుకున్నాను కూడా. మెచ్చుకోవడం నాకు చేతకాదని మా ఆయన నూకరాజు అంటాడు గాని, అది అబద్ధం.

గొడవ ఎండలు ముదిరాక మొదలైంది. మామయ్య పొద్దెక్కినా పెరట్లోంచి కదలరు. ఒంటి మీద చొక్కా ఉండదు, తలకి తువ్వాలు ఉండదు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, అంతే.

"మావయ్యా, తలకీ చెవులకీ గమ్చా చుట్టుకోండి. దోపహర్‌లో అసలు బయటికి దిగకండి. లూ కొడతాది," అన్నాను. గమ్చా అంటే తువ్వాలు, దోపహర్ అంటే మధ్యాహ్నం, లూ అంటే ఇక్కడి వడగాలి.

"ఏటి కొడతాది? చూడమ్మా, ఒంటి మీద చుక్క చెమటుందేటి? మా ఊళ్ళో అయితే ఈపాటికి పంచె పిండుకోవాల. ఇదీ ఒక ఎండేనేటి?" అని నవ్వేశారు.

అదీ సంగతి. సముద్రం ఒడ్డు వాళ్ళకి ఎండకి కొలత చెమటే. చొక్కా తడిస్తే ఎండెక్కువ, తడవకపోతే తక్కువ. ఇక్కడ చెమట పట్టిన సంగతే తెలియదు, పట్టిన మరుక్షణం వేడిగాలి తాగేస్తుంది. ఒళ్ళు పొడిగానే ఉంటుంది, లోపల నీళ్ళు మాత్రం అయిపోతుంటాయి. మనవాళ్ళందరూ మొదటి ఏడాది చేసే పొరపాటిది. కొందరికి రెండో ఏడాది ఉండదు. మా పక్కింటి పైడమ్మ భర్త అలాగే పోయాడు. అంతకు ముందేడు మే నెలలో, మా శ్రీకాకుళం ఎండ ముందు ఇదెంత అని నవ్వి, మిట్టమధ్యాహ్నం సైకిలు మీద పండరీ బట్టల బజారుకి వెళ్ళాడు. దారిలోనే కూలబడ్డాడు. ఆ రోజు పైడమ్మని పట్టుకుని కూర్చున్నది నేనే. మా ఇంట్లో అలాంటిది జరగనివ్వకూడదని ఆనాడే అనుకున్నాను.

మొక్కల విషయంలోనూ ఆయనది అదే పద్ధతి. పాదుల్లో చిన్న ఆకు రాలినా ఏరిపారేస్తారు. నేను వరిగడ్డి తెచ్చి పాదుల నిండా పరిచి, పడమటి వైపు పాత చీర తెరలా కట్టాను. సాయంత్రానికల్లా గడ్డి గోడ అవతల, చీర బట్టలారేసే తీగ మీద ఉన్నాయి.

"పాదు అద్దంలాగుండాల. గడ్డి కప్పితే చెదలు పట్టవేటి?"

"గడ్డిలో వేపాకు కలిపితే పట్టవు మావయ్యా. ఈ నేలకి నీడ లేకపోతే పొద్దున్న పోసిన నీళ్ళు టిఫిన్ వేళకి ఉండవు."

"నీళ్ళు చాలకపోతే ఇంకోపాలి పోస్తాను. నాకు వ్యవసాయం నేర్పుతావేటమ్మా?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. రాత్రి అన్నం దగ్గర నూకరాజుని పట్టుకున్నాను. "మీ నాన్నకి మీరు చెప్పండి," అంటే, "ఆయనకి చిన్నప్పట్నుంచీ నేను ఎదురు చెప్పలేదే," అన్నాడు. "మీ ఇంట్లో మగాళ్ళకి నోరిచ్చింది అన్నం తినడానికేనా?" అన్నాను. పాపం, ఆ ముద్ద అలాగే మింగేశాడు.

మర్నాడు నేనే మామయ్యతో పందెం వేశాను. గోడ వైపు వరస ఆయనది, వంటింటి వైపు వరస నాది. ఎవరి పద్ధతి వాళ్ళది, ఒకరి పాదు ఇంకొకరు ముట్టకూడదు. నా వరస నెగ్గితే ఆయన చెవులు కప్పుకోవాలి, ఎండ దిగేదాకా గడప దాటకూడదు. ఆయన వరస నెగ్గితే నేను నోరు మూసుకోవాలి. మొదటి షరతుకి మొహం చిట్లించారు గాని, రెండో షరతుకి ఆయన కళ్ళు మెరిశాయి. వెంటనే ఒప్పుకున్నారు.

నేను నా పాదుల్లో గడ్డి, వేపాకు కలిపి మందంగా పరిచాను. చీర మళ్ళీ కట్టాను. వెలుగు రాకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి మొదళ్ళలో నీళ్ళు పోశాను. మే వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి రెండు వరసల ఆకులూ వేలాడిపోయేవి. నా వరస సాయంత్రానికి లేచి నిలబడేది. ఆయన వరస లేవడం మానేసింది, ఆకుల అంచులు కాలిన అప్పడాల్లా అయ్యాయి. ఆయన అన్నం సరిగ్గా తినడం మానేశారు. ఉల్లిపాయ, పులిసిన గంజి తరవాణి పెట్టినా సగం వదిలేసేవారు. నాకు గెలుస్తున్న సంతోషం కంటే భయమే ఎక్కువైంది. పంట పోతుంటే చూస్తూ కూర్చునే మనిషి కాదాయన.

ఒక మధ్యాహ్నం, తలుపుకి కట్టిన వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లి నడుం వాల్చాను. కునుకు పట్టింది. పెరట్లో బకెట్టు పడిన చప్పుడుకి మెలకువొచ్చింది. ఆయన మంచం ఖాళీగా ఉంది.

పరుగెత్తాను. ఆయన తన వరస పక్కనే నేల మీద ఉన్నారు. బకెట్టు బోర్లాపడి ఉంది, నీళ్ళు అప్పుడే ఇంకిపోయాయి. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు.

"శేషమ్మా, మడికి నీళ్ళు కట్టీ," అంటున్నారు. శేషమ్మ మా అత్తగారు.

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు గనక మింగేశాను. చంకల కింద చేతులేసి వరండా నీడలోకి లాగాను. కేకేస్తే పైడమ్మ వచ్చింది. తొట్టిలో నీళ్ళు చెంబుతో ఒంటి నిండా గుమ్మరించాను, దుప్పటి తడిపి కప్పాను, మెడకీ చంకలకీ తడిగుడ్డలు పెట్టి చాటతో విసరడం మొదలుపెట్టాను.

పైడమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన నోట్లో పొయ్యబోయింది.

"వద్దు! తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకు, ఊపిరికి అడ్డం పడతాది. పరుగెత్తి రిక్షా తీసుకురా, ఫటాఫట్!"

ఆవిడ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. రిక్షాలో కూడా తడిదుప్పటి తియ్యలేదు. బిందె కాళ్ళ దగ్గర పెట్టుకుని దారంతా నీళ్ళు చల్లుతూ రైల్వే ఆసుపత్రికి చేర్చాం. గమ్చా తడిపి ఆయన తలకీ చెవులకీ చుట్టాను, ఈసారి ఆయన కాదనలేదు. పైడమ్మ ఆయన పాదాలు పట్టుకుని, "మావా, ఉండు మావా, ఉండిపో," అంటూనే ఉంది. అంతకు ముందేడు ఈ మాట అనే అవకాశం కూడా దానికి దొరకలేదు.

సెలైను ఎక్కించారు. సాయంత్రం దాటాక ఆయన కళ్ళు నన్ను పోల్చుకున్నాయి. "భవానీ," అన్నారు. అప్పుడు ఏడ్చాను, బాగా గట్టిగా. నర్సు వచ్చి కసిరింది. దాన్నీ కసిరాను.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు మామిడికాయ కాల్చి తీసిన రసంలో ఉప్పు, బెల్లం కలిపి ఇస్తే, మందు తాగినట్టు మొహం పెట్టి తాగారు. ఓపిక వచ్చాక ఒక సాయంత్రం గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్ళారు. ఆయన వరస పూర్తిగా ఎండిపోయింది. నా వరసలో పిందెలు వేలాడుతున్నాయి. పందెం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు తెల్లవారకముందే లేచి తన పాదుల్లో కొత్త గింజలు నాటి, పైన గడ్డి పరుస్తూ కనబడ్డారు.

"ఇందులో వేపాకు కలపాలమ్మా. లేకపోతే చెదలు పడతాయి," అన్నారు నాతో.

పళ్ళు బిగబట్టి, "అలాగా మావయ్యా," అన్నాను.

నెలాఖరున విజయనగరం వైపు నుంచి చిన్నారావు అనే కుర్ర ఫిట్టరు బదిలీ మీద వచ్చి ఎదురు క్వార్టరులో దిగాడు. ఆదివారం, ఎండ నడినెత్తికొస్తుండగా, బనీను మీద, నెత్తిన ఏమీ లేకుండా మంచాలు, పెట్టెలు మోసుకుంటున్నాడు. మా వరండాలోంచి మామయ్య గొంతు ఉరిమినట్టు వినిపించింది.

"ఒరే బాబూ! ఆ పెట్టెలక్కడ పడీసి లోపలికెళ్ళు! చెమట పట్టనేదని ధీమా పడకు. ఈ ఊరెండ చెమట తాగీసి మనిషిని తాగతాది. చెవులు కప్పుకో. పనేదైనా ఉంటే ఎండ దిగినాక చూసుకో. ఉల్లిపాయ తిను, తరవాణి తాగు. మొక్కలేస్తే గడ్డి కప్పు, పడమటేపు చీర కట్టు!"

చిన్నారావు పెట్టె దించి తల గోక్కున్నాడు. "మీకు శానా తెలుసును తాతా! ఇవన్నీ ఎవలు చెప్పినారు?"

"ఒకలు చెప్పాలేటి? జీవితమంతా వ్యవసాయం చేసినోణ్ణి!"

వంటింట్లో నాకు ఒళ్ళు మండిపోయింది. నూకరాజు నవ్వాపుకుంటూ వచ్చి, "నీ మాటలన్నీ పొల్లుపోకుండా తనవి చేసేసుకున్నాడే," అన్నాడు. ఆ మాటలెవరివో ఇవాళ తేల్చేస్తానని గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను. మామయ్య మెడ నిక్కించి, చెయ్యి ఊపుతూ, ఇంకా గొప్పలు పోతూనే ఉన్నారు. పక్కింటి గడపలో పైడమ్మ బియ్యం ఏరడం ఆపేసి, ఆయన్నే చూస్తూ వింటోంది. ఆవిడ ఇంట్లో ఇలా గొప్పలు చెప్పుకునే గొంతు ఇప్పుడు లేదు.

నేను గరిటె దించాను.

"చెప్పుకోనీండి," అన్నాను నూకరాజుతో. "గట్టిగా చెప్పుకోనీండి. లైను చివరిదాకా వినబడనీండి."