ఒకే ఒక్క టర్కీ గుడ్డు

పెనం అంచుకి ఒక్కటి తగిలిస్తే విచ్చుకోవాల్సిన గుడ్డు విచ్చుకోలేదు. ఆమె ఇంకోసారి కొట్టింది. ఊహూఁ. పద్దెనిమిదేళ్లుగా పొద్దున్నే ఒక చేత్తో పాలగిన్నె దించుతూ, రెండో చేత్తో చూడకుండానే కోడిగుడ్లు కొట్టిన మనిషి! ఈ టర్కీ గుడ్డు మాత్రం కాస్త ఆగి తనవైపు చూడమంది. చూసింది. మీగడ రంగు పెంకు మీద గోధుమరంగు చుక్కలు, ఎవరో తీరిగ్గా కూర్చుని చల్లినట్టు. అరచేతిలో ఎంత బరువో!

ఆఫీసులో పక్క సీటావిడ టర్కీ కోళ్లు పెంచుతుంది. నిన్న సాయంత్రం చేతిరుమాల్లో చుట్టి ఇచ్చింది. "కోడిగుడ్డు బదులు ఒకసారి ఇది తిని చూడు. ఒక్కటే ఉంది. నువ్వే తినాలి, తెలిసిందా?" ఈమె నవ్వేసి సంచిలో పెట్టుకుంది. ఏమని చెబుతుంది? ఇంట్లో తన గుడ్డంటూ ఒకటి ఉండదని చెబుతుందా? పచ్చసొన గుండ్రంగా నిలిచినవి ఆయనకి, కూతురికి, అత్తగారికి. చెదిరింది ఆమెకి. ఎవరూ కూర్చుని పెట్టిన రూలు కాదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు, "ఇదేంటి ఇలా ఉంది, నువ్వు తినెయ్," అన్నాడాయన. అంతే, అదే ఖాయమైపోయింది. తర్వాత చెయ్యి తిరిగాక ఒక్కటీ చెదిరేది కాదు. చెదరకపోతే తనకి లేదు. అందుకని ఆకలి దంచేస్తున్న రోజుల్లో అట్లకాడ కొసతో తనే ఒకదాన్ని పొడిచేది. "అయ్యో, మళ్లీ చెదిరింది," అని పైకి అనేది కూడా. "ఇన్నేళ్లయినా నీకు గుడ్డు కొట్టడం రాలేదు కదే," అనేవారు అత్తగారు. ఆ మాటా పడేది, గుడ్డూ తినేది.

చివరికి చాకు మొనతో పెంకు పగలగొట్టింది. లోపలి పొర కూడా మందమే, ఒక పట్టాన తెగలేదు. ఆ తర్వాత జారింది చూడండి! పెనమంతా తనదే అన్నట్టు పరుచుకుంది తెల్లసొన. మధ్యలో పచ్చసొన ఎత్తుగా, నిండుగా, వణక్కుండా నిలబడింది. ఆమె పెనం మీదికి వంగింది. ఇంత అందం రోజూ తన చేతుల మీదుగానే వెళ్లిపోతోంది, ఒక్కసారీ తేరిపార చూడలేదే! ఈలోగా పాలు పొంగాయి. "పాలు! పాలు!" అని కేకలేస్తూ ముందుగదిలోంచి వచ్చి ఆయనే స్టవ్ కట్టేశాడు. ఆయన చెయ్యి అక్కడిదాకా అందుతుందని ఆమెకి ఇవాళే తెలిసింది.

"అబ్బో, ఇంత గుడ్డా! ఇలా పట్రా," అంటూ ఆయన వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాడు.

అట్లకాడ చేతిలోనే ఉంది. కొస ఒక్కసారి ఆనిస్తే చాలు, ఇది ఆమెదైపోతుంది, ఎవరూ కాదనరు. చెయ్యి అలవాటుగా ముందుకెళ్లింది కూడా. పచ్చసొన మీద కిటికీ వెలుగు మెరుస్తోంది. దీన్ని పాడుచేసుకుని తినడమా? ఇన్నాళ్లూ చేసిన పనికి సిగ్గేసింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అట్లకాడని గుడ్డు కిందికి మెల్లగా పోనిచ్చి పళ్లెంలోకి తీసింది. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని, కూర్చుని, ఉప్పు చల్లుకుంది.

ఆయన తన ఖాళీ పళ్లెం వైపు, ఆమె వైపు చూశాడు. "ఏంటి, చెదిరిందా?"

"లేదు," అంది ఆమె. "చాలా బాగా వచ్చింది. అందుకే నేను తింటున్నాను."