ఎండాకాలంలో గీసిన తీరం

దొరస్వామి వ్యాను తీసేముందు దేవుడి పటానికి మొక్కి, తరువాత కూతురికి ఫోను చేసేవాడు. ఈమధ్య వరస మారింది: ముందు ఫోను, తరువాతే దేవుడు.

"పాపా, దోవలో మంచుండాదా?"

భవిత తిరుపతిలో పరిశోధన చేస్తోంది. ఉపగ్రహ చిత్రాల్లో సముద్రపు పొగమంచును పట్టుకునే ప్రోగ్రాము రాసింది. మంచున్నచోట తెరమీద పసుపు మచ్చ పడుతుంది. ఆ జనవరి తెల్లవారుజామున తడ పక్కన ఒక్క మచ్చా లేదు.

"లేదు నాయనా, పో."

నగరి లుంగీల లోడుతో వెళ్లిన దొరస్వామి, తడ దాటగానే ఆగివున్న లారీని గుద్దుకున్నాడు. ముంజేయి విరిగింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు.

ఆస్పత్రికి వచ్చిన షావుకారు మునిస్వామి మండిపడ్డాడు. "ఏమప్పా, అంత లారీ కనపడలేదా? మంచేమన్నా ఉన్నిందా?"

"మంచూ లేదు గించూ లేదబ్బా. తూగినాను."

"అయితే ఇంక నీకు బండిచ్చేది లేదు."

పక్కబండి డ్రైవరు ఆవులిస్తేనే తిట్టిపోసే దొరస్వామి, తూగినానన్నాడు. మంచం పక్కనున్న భవితకు మాత్రం గుండె తేలికపడింది. తన తప్పు కాదుగదా! సిగ్గులేని ఊరటే, కాని ఊరటే.

తిరుపతికి తిరిగొచ్చి ఆనాటి అసలు చిత్రం తెరిచింది. తడ పక్కనున్న పులికాట్ సరస్సు నిండా మంచు, రోడ్డు దాకా. ప్రోగ్రాము నేలను ముందే చెరిపేసి, నీటిమీదే వెతుకుతుంది. ఏది నేలో, ఏది నీరో తానే గీసింది. మేఘాలు అడ్డురావని మే నెల చిత్రం మీద గీసింది. మేలో ఆ సరస్సు ఎండి బురదమైదానం. నేల లెక్కలో పోయింది. జనవరిలో నిండిన నీళ్లనూ, మంచునూ ప్రోగ్రాము నిక్షేపంగా చెరిపేసింది.

మొదటి బస్సుకే నగరి వచ్చి తండ్రి ముందు నిలబడింది. "అబద్ధమెందుకు చెప్పినావు నాయనా?"

"చెయ్యి చాపితే చెయ్యి కనపడలా పాపా. ఆ మాటంటే రేపు నీ చదువును ఎవురు నమ్ముతారు? నాదేముండాది, చెయ్యి అతుక్కుంటే మగ్గమెక్కుతా."

భవితకు ఏడుపాగలేదు. ఏడుస్తూనే షావుకారుకు ఫోను కలిపింది. "మామా, ఆ పొద్దు మంచుండాది. నా ప్రోగ్రాములో తప్పు. దాచిపెడితే రేపు ఇంకొకరు పోతారు. మా నాయన తూగలేదు మామా..."

దొరస్వామి బాగున్న చేత్తో ఫోను లాక్కున్నాడు.

"చిన్నపిల్ల మాట నమ్మొద్దబ్బా! గురక పెట్టి నిద్దరపోయినాను!"