పదో తువ్వాలు

యోస్ట్ మంచుసీమలోని మోహొవో పల్లెకి వచ్చిననాడు ఊళ్ళో పదహారుమంది ఉండేవారు. పదకొండేళ్ళలో వాళ్ళలో తొమ్మిదిమందికి అతనే గొయ్యి తవ్వాడు. పశువుల డాక్టరుగా హాలండ్ నుంచి వచ్చిన మనిషికి ఈ పని ఎలా తగులుకుందంటే, అతని కండబలం చూసి కాదు. అతను ఎవరికీ ఏమీ కాడని చూసి.

చుట్టాలు గొయ్యి తవ్వకూడదని ఆ ఊరి కట్టుబాటు. తవ్వితే పోయినవాళ్ళు ఏడాది తిరక్కుండా తవ్వినవాడి ఇంట్లోంచి ఒకరిని వెంటబెట్టుకుపోతారట. మోహొవోలో ఎవరిని కదిపినా ఇంకెవరికో బావో, మేనత్తో, తోడల్లుడో అవుతారు. పూర్వం పక్క ఊరివాళ్ళు వచ్చి తవ్వేవారు. ఇప్పుడు ఆ పక్క ఊళ్ళో పొయ్యి రాజేసే మనిషే లేడు. కాబట్టి మిగిలిన పరాయివాడు యోస్ట్ ఒక్కడే. తవ్వినందుకు డబ్బిస్తే పాపం. ఒక కొత్త తువ్వాలు, ఒక పూట భోజనం, అంతే. తొమ్మిది తువ్వాళ్ళూ అతని పెట్టెలో మడతలు విప్పకుండా అలాగే ఉన్నాయి.

"నీకేం దిగులు జర్మనోడా," అనేవాడు కుంటి గెన్నాదీ. "నువ్వు పోతే మేం అందరం తవ్వొచ్చు. ఎవడికీ ఏమీ కావుగా!"

"నేను జర్మన్ని కాదు."

"పక్కిల్లేగా! మాకంత తేడా తెలీదులే."

అతన్ని తీసుకొచ్చిన పాల కంపెనీ మూడేళ్ళకే ఆవుల్ని అమ్ముకుని వెళ్ళిపోయింది. యోస్ట్ ఆ ఊళ్ళోనే ఒక దుంగల ఇల్లు కొనుక్కుని ఉండిపోయాడు. తిరిగి వెళ్ళినా తలుపు తీసేవాళ్ళు అక్కడా లేరు. ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

తెల్లవారగానే గునపంతో బావిలో మంచుగడ్డ పగలగొట్టి, రెండు బకెట్లు తనకీ రెండు పక్కింటి కపితొలీనాకీ మోసేవాడు. ఇద్దరి పొయ్యిలకీ కట్టెలు చీల్చేవాడు. మంగళవారం రొట్టెల బండి వస్తే వరసలో నిలబడి, ఆడవాళ్ళు ఎవరి చుట్టరికం ఎటునుంచి ఎటో తవ్విపోస్తుంటే వినేవాడు. అన్నీ అర్థమయ్యేవి. అందులో తన పేరు మాత్రం ఎక్కడా వచ్చేది కాదు. చలికాలం ముందు పెద్దల శనివారం నాడు ఊరంతా స్మశానానికి వెళ్ళి ఎవరివాళ్ళ సమాధి దగ్గర వాళ్ళు కూర్చుని తింటారు, ఏడుస్తారు. తొమ్మిది గోతులు తవ్వినవాడికి కూర్చుని ఏడవడానికి ఒక్క సమాధీ లేదు. కంచె బయట నిలబడి సిగరెట్టు కాల్చుకునేవాడు.

కపితొలీనాకి ఎనభై ఆరేళ్ళు. పుట్టిన ఒక్క కొడుకూ రెండేళ్ళు నిండకుండానే పోయాడు. నోరు మాత్రం గొడ్డలి. యోస్ట్‌కి జ్వరం వస్తే కోరిందపండ్ల జాము కలిపిన టీ పట్టుకొచ్చి, తాగేదాకా తిట్టేది. అతని చొక్కాలకి గుండీలు కుట్టేది. ఒక శీతాకాలం ఆవిడ మేజోళ్ళు అల్లి ఇస్తే, కళ్ళు చెమర్చి, "అమ్మా" అన్నాడు.

ఆవిడ చేతిలో సూది పక్కన పెట్టింది.

"ఇంకోసారి అమ్మా గిమ్మా అన్నావంటే పళ్ళు రాలగొడతా. నేనెవరు, నువ్వెవరు? నీళ్ళు పోసి పో."

ఆ రోజు యోస్ట్‌కి అన్నం సయించలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ముఖం మాడ్చుకున్నాడు. ఆవిడ అలా ఎందుకందో చాలాకాలం అర్థం కాలేదు. అర్థమైంది ఆవిడ తన భర్త తిమొఫేయ్ సంగతి చెప్పిన రోజున.

తిమొఫేయ్ పోయింది యోస్ట్ ఆ ఊరికి రాకముందు, ఓ జనవరిలో. జిల్లా పట్నం నుంచి కూలీలొచ్చారు. తాగి, గడ్డకట్టిన నేలని మోకాలిలోతు గీకి, శవపెట్టె దించి, మీద మట్టిపెళ్ళలు వేసి పోయారు. ఏప్రిల్లో మంచు కరిగేసరికి పెట్టె మూత పైకి తేలింది. నక్కలు అప్పటికే వచ్చి పోయాయి.

"బకెట్లతో మట్టి మోశాను, ఒక్కదాన్నే," అంది కపితొలీనా. "ఏం చూశానో ఆ కళ్ళతోనే ఇంకా బతుకుతున్నా. జర్మనోడా, నాకు నువ్వే తవ్వాలి. నిలువెత్తు లోతు. గోడలు నిటారుగా. మాటివ్వు."

యోస్ట్ మాటిచ్చాడు. అమ్మా అని మళ్ళీ అనలేదు. అంటే తనూ చుట్టమైపోతాడు, ఆవిడకి గొయ్యి తవ్వే మనిషి లేకుండా పోతాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆవిడకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అయిదు రోజులుగా మంచు కురుస్తూనే ఉంది. ఆసుపత్రి బండి సగం దారిలో కూరుకుపోయి వెనక్కి మళ్ళింది. యోస్ట్ పొయ్యి ఆరనివ్వకుండా, చెంచాతో నీళ్ళు పోస్తూ మంచం పక్కన కూర్చున్నాడు. అటువైపు ఆవిడ ఆడపడుచు ఫయీనా. చనిపోయిన తిమొఫేయ్ చెల్లెలు. ఊరి కట్టుబాట్లన్నీ ఆవిడ కొంగున ముడేసుకుని తిరిగేది.

గురువారం మధ్యాహ్నం కపితొలీనా కళ్ళు తెరిచి, మూలనున్న దేవుడి పటం తెమ్మంది. ఫయీనా తెచ్చింది. ఆవిడ ఆ పటాన్ని యోస్ట్ తలకి ఆనించింది. అలా దీవించేది కన్నబిడ్డనే.

"కొడకా," అంది. "నా కొడకా. ఎంతకాలం నోరు నొక్కుకున్నానురా."

గంట తిరక్కుండా ప్రాణం పోయింది.

ఫయీనా కళ్ళు తుడుచుకుని, చావింటి ఆనవాయితీగా అద్దం మీద గుడ్డ కప్పి, యోస్ట్ ముందుకొచ్చి నిలబడింది. పదకొండేళ్ళలో మొదటిసారి అతని చెంపలు రెండు చేతులా పట్టుకుంది.

"మా అన్న ఇంటికి కొడుకువయ్యావు. నాకు మేనల్లుడివి. రా, తలాపున కూర్చో. అది నీ చోటు."

"గొయ్యి..."

"కొడుకు తవ్వుతాడా? బుద్ధుందా? పట్నానికి ఫోన్ చేస్తా. దారి తెరిచాక వస్తారు. వారం పట్టొచ్చు. అందాకా కొట్టంలో పెడదాం, చలికి ఏం కాదులే."

"ఆ కూలీలేనా?"

"వాళ్ళు కాకపోతే ఇంకెవరున్నార్రా?"

అటకమీంచి శవపెట్టె దించారు. గెన్నాదీ తనకి పెద్దమ్మ వరసయ్యే కపితొలీనా కోసం ఎప్పుడో చేసి పెట్టాడు, ఇన్నాళ్ళూ అందులో ఉల్లిపాయలు ఉండేవి. యోస్ట్ తలాపున కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు ముందు అతని దగ్గరికొచ్చి భుజం పట్టుకున్నారు. గెన్నాదీ "తమ్ముడూ" అన్నాడు. ముసలమ్మలు అతని మెడ మీద పడి ఏడ్చారు. సిగ్గు విడిచి చెప్పాలంటే, అంత దుఃఖంలోనూ యోస్ట్‌కి లోపల హాయిగా ఉంది. ఇన్నేళ్ళూ కంచె బయట నిలబడి అతను చూసింది ఈ చోటునే. ఇక జన్మంతా అక్కడినుంచి లేవకూడదనిపించింది.

ఆవిడ ముఖం వంక చూశాడు. నుదుటి మీద ప్రార్థన రాసిన కాగితపు పట్టీ, దవడ కింద కట్టిన గుడ్డ. ఇంకేమీ అడిగే స్థితిలో లేదు. అడగాల్సింది నాలుగేళ్ళ కిందటే అడిగేసింది.

యోస్ట్ లేచి కోటు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది ఫయీనా.

"తవ్వడానికి."

"పిచ్చెక్కిందా? దేవుడి పటం పెట్టి కొడకా అంది!"

"జ్వరంలో అంది. నేను ఆవిడ కొడుకుని కాను, ఫయీనా గారూ. నాకూ ఆవిడకీ ఏ సంబంధం లేదు. పక్కింటివాణ్ణి. పరాయివాణ్ణి. మీరందరూ అంటూనే ఉన్నారుగా."

గెన్నాదీ తల వంచుకున్నాడు. చచ్చిన తల్లి తలాపున నిలబడి నువ్వు నాకేమీ కావనే కొడుకు ఆ ఊరి చరిత్రలో లేడు.

"ఛీ," అంది ఫయీనా. "రాతిగుండె వెధవా. పో. నీ పని నువ్వు చేసుకో."

తిమొఫేయ్ సమాధి పక్కన మంచు చిమ్మి, గడ్డకట్టిన నేల కరగాలని పాత టైర్లు, భూర్జ కట్టెలు పేర్చి నిప్పంటించాడు. మీద రేకు కప్పాడు. శుక్రవారం పొద్దున బూడిద తీసి గునపం వేస్తే జానెడు లోతు దిగింది. కింద మళ్ళీ రాయిలా గడ్డకట్టిన నేల. మళ్ళీ మంట, మళ్ళీ గునపం. అరచేతుల తోలు ఊడి చేతి తొడుగులకి అంటుకుంది. మోకాలి లోతు వచ్చేసరికి పక్క గోడలోంచి పాత చెక్క ఒకటి బయటపడింది. తిమొఫేయ్ పెట్టె. అంత పైనే ఉంది. యోస్ట్ దాన్ని మట్టితో కప్పి, చేత్తో అదిమి, ఇంకా కిందికి వెళ్ళాడు. శనివారం మధ్యాహ్నానికి గోతిలో నిలబడితే అతని తల బయటికి కనపడలేదు. గోడలు పారతో చెక్కి నిటారు చేశాడు. లోపలెవరూ చూడరు కాబట్టి అక్కడే ఏడ్చాడు, అమ్మా అమ్మా అని, తనివితీరా.

గెన్నాదీ గుర్రం శవపెట్టె ఉన్న జారుడుబండిని లాక్కొచ్చింది. చుట్టాలు తలా పిడికెడు మట్టి వేశారు. యోస్ట్ పార పట్టుకుని దూరంగా నిలబడి, అందరూ అయ్యాక పూడ్చాడు. కపితొలీనా తన చావుకని ముందే కట్టి ఉంచుకున్న మూటని ఫయీనా విప్పి అందులోంచి తువ్వాలు తీసింది. ఎన్నాళ్ళ కిందట కుట్టి పెట్టుకుందో, అంచున ఎర్రదారంతో కోడిపుంజులున్నాయి. కట్టుబాటు ప్రకారం దాన్ని చాచిన చేతులతో ఇచ్చింది.

"పరాయి మనిషి కష్టానికి," అంది, అతని ముఖం వంక చూడకుండా.

భోజనాల దగ్గర గోతివాడికి తలుపు పక్కన బల్ల. అట్లు, తేనె కలిపిన గోధుమన్నం, ఒక గ్లాసు వోడ్కా. లోపలి బల్ల దగ్గర చుట్టాలు కపితొలీనా చిన్నప్పటి ముచ్చట్లు చెప్పుకుంటున్నారు. యోస్ట్ తలొంచుకుని తిని, లేచి బయటికొచ్చాడు.

ఫయీనా వెనకే వాకిట్లోకి వచ్చింది. తలగుడ్డ సరిచేసుకుంది.

"ఎంత లోతు తీశావు?"

"నిలువెత్తు. ఇంకా రెండు జానలు ఎక్కువే."

"నీళ్ళు రావుగా?"

"రావు."

ఆవిడ అతని చేతుల వంక చూసింది. గుడ్డ కట్టిన చోట రక్తం పైకి ఊరుతోంది.

"జ్వరంలో అన్లేదు. నీకూ తెలుసు. తెలివి ఉండే అంది."

యోస్ట్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కొడకా అన్న మాట నిజంగా నీ మనసుకి పట్టలేదట్రా?"

"పట్టింది," అన్నాడు యోస్ట్. "పట్టింది, అత్తయ్యా."

ఫయీనా గబుక్కున ముందుకొచ్చి అతని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అనకు. నన్ను అలా పిలవకు," అంది. "నాకూ నువ్వే తవ్వాలిగా."