లారీ కొలతతో మన చొక్కా

హలో, వినపడుతోందా అండీ? అందరూ కులాసానే కదా. చేతిలో పని కాస్త పక్కన పెట్టి నా మాట వినండి. బండి నడుపుతూ ఫోన్ చూస్తున్నవాళ్లు మాత్రం ముందు బండి పక్కకి ఆపండి. కథ ఎక్కడికీ పారిపోదు.

ఒక వీధి మలుపులో కుట్టుమిషన్ పెట్టుకున్న ఒకావిడ ఉంది. వీధి వీధంతా ఆవిడని టైలరమ్మ అంటారు. ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన్ని డిపోలో రేడియో అని పిలిచేవారు, ఆ పేరు ఇంటిదాకా వచ్చేసింది. ఎందుకంటే స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, రోడ్డు పక్కన కనబడిన ప్రతి వేగం బోర్డునీ పైకి చదివేవాడు. "నలభై." కాసేపటికి "అరవై." బడి వస్తే "ముప్పై, ముప్పై" అని రెండుసార్లు. ప్రయాణికులు ముసిముసిగా నవ్వుకునేవారు. ఆయనకి బస్సు నేర్పిన పాత డ్రైవరు చెప్పిన మాట ఒకటుంది: కంటితో చూసింది నోటితో అంటేనే కాలికి తెలుస్తుంది.

టైలరమ్మకి ఈ అలవాటంటే ఒళ్లు మంట. ఎవరి కారులో ఎక్కినా, వెనక సీట్లో కూర్చుని కూడా ఆయన అంకెలు అప్పజెప్పేవాడు. సంతలో వేలం పాట విన్నట్టుందని ఆవిడ గొణుక్కునేది.

అలాంటి మనిషి కళ్లకి నీటికాసుల జబ్బు వచ్చింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కచూపు పోయింది. బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. పోయిన చూపు ఎలాగూ తిరిగి రాదు, మందులూ పరీక్షలూ తప్పితే ఉన్నది కూడా పోతుందని గట్టిగా చెప్పాడు. ఆ కంటి ఆస్పత్రేమో ఊరికి ఆ చివర ఉంది, బస్సు మారి బస్సు ఎక్కాలి. మెట్టు కనబడక ఆయన ఒకసారి బస్సు దిగుతూ పడ్డాడు. అప్పటినుంచి పక్కింటివాళ్లనీ ఎదురింటివాళ్లనీ బతిమాలుకోవడమే. ఎదురింటాయన మొదటిసారి సంతోషంగా తీసుకెళ్లాడు, రెండోసారి గడియారం చూసుకున్నాడు, మూడోసారి తలుపే తీయలేదు. ఆ రోజు ఆస్పత్రి తప్పిపోయింది.

టైలరమ్మ ఆ సాయంత్రం మిషన్ మీద నుంచి లేచి, కారు నేర్చుకుంటానని చెప్పింది. యాభై దాటిన మనిషి. అక్క నవ్వింది, తోడికోడలు అయితే పడీపడీ నవ్వింది. ఆవిడ మాత్రం, ఇన్నేళ్లు కాలితో మిషన్ నడిపాను, కాలరు మూల తిరిగేటప్పుడు ఎంత వదలాలో నా పాదానికి తెలుసు, కారుకి మాత్రం తెలియదా అంది.

అల్లుడు మంచివాడు. ఆస్పత్రి ఉన్న ప్రతిసారీ ఉద్యోగం మానుకుని రాలేడు గానీ, సెలవు రోజుల్లో తన కొత్త కారు తెచ్చి, పక్కన కూర్చుని నేర్పడానికి ఒప్పుకున్నాడు. ఆ కారుకి ముందు అద్దం మీద చిన్న కెమెరా ఉంది. రోడ్డు పక్క వేగం బోర్డుని అది చదివి, స్టీరింగ్ వెనకున్న తెర మీద గుండ్రటి బొమ్మగా చూపిస్తుంది. ఒక బటన్ నొక్కితే చాలు, ఆ అంకె ఎంతుంటే అంతకి కారే వేగం తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది.

వెనక సీట్లోంచి రేడియోగారు అలవాటుగా "నలభై" అన్నాడు. అల్లుడు నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"మావయ్యగారూ, మీకూ రిటైర్మెంటే, మీ రేడియోకీ రిటైర్మెంటే. ఇక అంతా కారు చూసుకుంటుంది."

ఆయన నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. టైలరమ్మకి మాత్రం ప్రాణం లేచి వచ్చినట్టయింది. పెళ్లయినప్పటినుంచి ఇంత ప్రశాంతంగా ఏ ప్రయాణమూ చేయలేదు మరి.

ఇక్కడే చూడండి, మనందరం పడే గోతిలో ఆవిడా పడింది. వారాలు గడిచేకొద్దీ ఆవిడ కళ్లు రోడ్డు వదిలి ఆ గుండ్రటి బొమ్మకి అతుక్కుపోయాయి. బొమ్మ అరవై అంటే అరవై, నలభై అంటే నలభై. అల్లుడు శభాష్ అనేవాడు.

ఒక సెలవునాడు పొద్దున్న నీళ్ల పైపుల కోసం రోడ్డు తవ్వుతున్నారు. అసలు రోడ్డుకి అరవై. పని జరిగే చోట ముప్పై అని ఇనప కాళ్ల మీద ఒక బోర్డు నిలబెట్టారు. గాలికి అది ఒక పక్కకి ఒరిగిపోయింది, పైగా ఖాళీ సిమెంటు సంచి ఒకటి దానికి చుట్టుకుంది. కెమెరాకి అది బోర్డులా కనబడలేదు. తెర మీద అరవై అలాగే ఉంది. టైలరమ్మ ఆ అరవైని చూసుకుంటూ వెళ్తోంది. అల్లుడూ దాన్నే చూస్తున్నాడు.

బోర్డు నిలబెట్టింది మూసేసిన దారికి నట్టనడుమ. రేడియోగారికి మిగిలిన చూపల్లా నట్టనడుమ ఉన్నదే.

"ముప్పై, ముప్పై" అని వెనకనుంచి అరుపు వినబడింది.

ఆలోచించే వ్యవధి లేదు. సూది వేలి మీదకి వచ్చినప్పుడు మిషన్ ఆపినట్టు టైలరమ్మ కాలు బ్రేకు మీద పడింది. ఎర్రజెండా పట్టుకున్న కూలీ మనిషి పక్కకి దూకింది. కారు ఆవిడ నిలబడిన చోటికి ఇవతలే ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ మనిషి జెండా దులుపుకుని దగ్గరికి వచ్చి, లోపలికి వంగి చూసి, "అమ్మా, నేను ఆ టీవీలో కనబడనమ్మా, బయట ఉన్నాను" అంది.

ఆ మాట టైలరమ్మకి సూదిలా దిగింది.

తిరుగు ప్రయాణంలో రేడియోగారు మళ్లీ మోగడం మొదలుపెట్టాడు. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. గెలిచిన పహిల్వానులా ఛాతీ విరిచి, "నేను ఉన్నంత కాలం ఏ కెమెరాలూ అక్కర్లేదు. అరవై, పోనియ్" అన్నాడు. అదే క్షణంలో తెర మీద బొమ్మ నలభైకి మారి టింగుమంది. టైలరమ్మ తలెత్తి చూసింది. రోడ్డు పక్కన, చెట్టు కొమ్మ చాటున నిజంగానే నలభై బోర్డు ఉంది. ఆయన పక్కచూపుకి అది అందలేదు.

ఆవిడ వేగం తగ్గించింది. సంగతి అర్థమై ఆయన గొంతు సవరించుకున్నాడు.

ఇంటికి వచ్చాక అల్లుడు తల దించుకుని, ఇక ఆ బటన్ జోలికే వెళ్లొద్దు అత్తయ్యగారూ అన్నాడు. ఆవిడ మెడలో టేపు వేసుకుని మిషన్ ముందు కూర్చుంటూ ఇలా అంది.

"దాన్నెందుకు బాబూ తిట్టడం. అది చూడనిది మీ మావయ్య చూశారు, మీ మావయ్య చూడనిది అది చూసింది. ఇద్దరూ టేపులాంటివాళ్లే. టేపు అంకె చెబుతుంది, కత్తెర మన చేతిలో ఉంటుంది. అంకె చెప్పింది కదా అని కళ్లు మూసుకుని గుడ్డ కోస్తే తప్పు టేపుదా?"

ఆ తర్వాతి సెలవునాటినుంచి వీధిలో వాళ్లకి వింత. కారు కదిలితే చాలు, టైలరమ్మ గొంతు వినబడేది. నలభై, అరవై, మలుపు, బడి, ముప్పై. కళ్లు రోడ్డు మీద, నోట్లో అంకె, ఆ తర్వాతే తెర వైపు ఒక చూపు. తోడికోడలు విని, అయ్యో, ఆయన జబ్బు నీకూ అంటుకుందా అంది. అంటుకుందక్కా, మందు వాడను అంది టైలరమ్మ.

పరీక్ష రోజు వచ్చింది. లైసెన్సు చేతికి రాకపోతే మళ్లీ ఎదురింటి తలుపు తట్టాల్సిందే. ఆ వారంలోనే ఆస్పత్రికి వెళ్లాలి కూడా. రేడియోగారు ఆఫీసు ఆవరణలో బెంచీ మీద చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు. పక్కన అల్లుడు. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరమ్మ మొహం ఇస్త్రీ పెట్టె అంత వేడిగా ఉంది. కారు కదిలిన కాసేపటికే అడిగింది.

"ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

"నా కాలితోనండి" అంది టైలరమ్మ.

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు. ఆ వేగం బటన్ నొక్కమంది, కారు సాయం చేస్తుంటే మీరెలా నడుపుతారో చూడాలంది. టైలరమ్మ నొక్కింది. ఇళ్ల మధ్య వీధి, నలభై దాటకూడదు. ముందు ఒక లారీ వెళ్తోంది. దాని వీపు మీద గుండ్రంగా ఎనభై అని అంటించి ఉంది. అది ఆ లారీ ఎంతకి మించి పోకూడదో చెప్పే గుర్తు, రోడ్డుకి సంబంధం లేదు. లారీ పక్క సందులోకి తిరిగింది. తిరగడానికి అది నెమ్మదించినప్పుడు దాని వీపు దగ్గరై కెమెరా కంట్లో పడింది. తెర మీద నలభై పోయి ఎనభై వచ్చింది. ముందు ఖాళీ రోడ్డు. కారు హుషారుగా ముందుకి ఉరికింది.

కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది. బ్రేకు పడగానే ఆ బటన్ పని ఆగిపోయింది, వేగం నలభైకి దిగింది. టైలరమ్మ ఎప్పటిలాగే పైకి అంది.

"నలభై. అది లారీ కొలత తల్లీ, మన చొక్కా దానితో కుట్టుకోకూడదు."

కారుకి చెప్పిందో ఇన్‌స్పెక్టరమ్మకి చెప్పిందో తెలియదు. టైలర్లు భయపడే తప్పు అదొక్కటే కదండీ, ఒకరి కొలతతో ఇంకొకరికి గుడ్డ కోసెయ్యడం. ఇన్‌స్పెక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఇస్త్రీ పెట్టె చల్లారిపోయింది.

బెంచీ మీద రేడియోగారికి కారు ఇంకా కనబడలేదు. అది పక్కనుంచి వస్తోంది మరి. కానీ ఆవరణ గేటు దగ్గరనుంచి ఒక గొంతు వినబడింది.

"పది."

గేటు దగ్గర పది అని రాసిన బోర్డుని ఇంత గట్టిగా, ఇంత సంబరంగా చదివినవాళ్లు ఆ ఆఫీసు పుట్టాక లేరు. ఆయన లేచి నిలబడ్డాడు. అల్లుడు ఏమైందని అడిగేలోపే, "పాసైపోయింది. ఆ గొంతు నాకు తెలుసు" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, నీటికాసుల వల్ల కాదు.

ఇన్‌స్పెక్టరమ్మ దిగి, బయట వరసలో నిలబడ్డ కుర్రవాళ్లందరికీ వినబడేలా చెప్పింది: "కొత్త బండ్లు వచ్చాక నా పక్కన కూర్చునేవాళ్లంతా తెరని చూస్తున్నారు. ఇవాళ ఒకావిడ రోడ్డుని చూసింది. సాయం చేసే యంత్రం ఉండొచ్చు, మన బదులు జవాబు చెప్పే యంత్రం లేదు. బాధ్యత ఎప్పుడూ స్టీరింగ్ పట్టుకున్నవాళ్లదే."

ఆ వారం ఆస్పత్రికి వెళ్లే దారిలో కారులో ముగ్గురూ అంకెలు పాడుకుంటూ వెళ్లారు. రేడియోగారు ఎదురుగా ఉన్నవి, అల్లుడు పక్కనున్నవి, టైలరమ్మ అన్నీ. దారిలో ఎదురింటాయన నడిచి వెళ్తుంటే ఆపి ఎక్కించుకున్నారు కూడా. పాపం, ఆయనా కాసేపటికి "నలభై" అనడం మొదలుపెట్టాడు.

కారు ఎంత తెలివైనదైనా అది మన టేపు మాత్రమే, కత్తెర మన చేతిలోనే ఉంది. ఈ మాట నచ్చితే మీవాళ్లకి పంపండి, కొత్త కారు కొన్నవాళ్లకి తప్పకుండా పంపండి. పంపేముందు మాత్రం వాళ్లు స్టీరింగ్ దగ్గర లేరని కనుక్కోండి.