అదురు ఎక్కువున్న బండి

షోరూమ్ అద్దాల వెనక అంతా నీళ్ళలో ఉన్నట్టుంది. లోపల మనుషుల పెదాలు కదులుతున్నాయి, చేతులు ఊగుతున్నాయి, మాట మాత్రం బయటికి రావడం లేదు. పిచ్చుక నాన్న పక్కన మెట్ల మీద కాసేపు నిలబడి చూసింది. నాన్నకి ఇప్పుడు లోకమంతా ఇలాగే ఉంటుందేమో అనుకుంది. అద్దానికి ఇవతల ఆయన ఒక్కడు, అవతల మిగతా అందరూ.

ఆ పిల్లకి పిచ్చుక అని పేరు పెట్టింది నాన్నే. గొంతు విప్పితే పక్కనున్న మనిషికి తప్ప ఆ పక్క మనిషికి వినబడదు. పదహారేళ్ళు నిండినా కొట్టుకి వెళ్ళి సబ్బుబిళ్ళ అడగాలంటే అమ్మ వెనక దాక్కునే రకం. అలాంటి నోట్లో నాలుక లేని పిల్ల ఈ రోజు నాన్నకి నోరూ చెవులూ తానే అయి బస్సెక్కి వచ్చింది.

నాన్న పొలాల్లో నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గాని, పోతూ పోతూ ఆయన వినికిడిని కూడా వెంటబెట్టుకుపోయింది. మంచం దిగిన మొదటి వారంలోనే ఆయన బండి తీశాడు. ఇరవై ఏళ్ళు ఇంజను గొంతు విని గేరు మార్చిన మనిషి, ఆ రోజు రెండో గేరులోనే పెద్ద రోడ్డు చివరిదాకా వెళ్ళాడు. ఇంజను ఎంత అరిచిందో ఊరంతా విన్నారు, ఆయన తప్ప. పిస్టను కాలి అతుక్కుపోయింది. ఆ బండి మళ్ళీ లేవలేదు.

అప్పటికి ఆయనకి చేతులతో వినడం రాదు. తర్వాత నెమ్మదిగా నేర్చుకున్నాడు. స్క్రూడ్రైవరు ఒక కొస మోటారుకి ఆనించి, రెండో కొస దవడకి ఆనించి, కళ్ళు మూసుకుని, "లోపల బేరింగు మూలుగుతోంది" అని చెప్పేస్తాడు. విప్పి చూస్తే నిజంగానే బేరింగు అరిగిపోయి ఉంటుంది. పని చేతుల్లోనే ఉంది, ఆ పని దగ్గరికి వెళ్ళడమే కుదరడం లేదు. నడిచి వెళ్తే రోజుకి ఒక్క పొలం. మోటారు ఆగిన రైతు అంతదాకా ఆగడు, ఇంకొకళ్ళని పిలుచుకుంటాడు.

అది చూసి మావయ్య ఒక దారి చెప్పాడు. "సోమవారం నుంచి మన గోదాము గేటు దగ్గర కూర్చోండి బావా. స్టూలు వేయిస్తాను. కాపలా అంటే కష్టమేముంది?"

"చెవులు వినబడని కాపలా అయితే దొంగలు చెప్పులు కూడా విప్పక్కర్లేదు" అంది అమ్మ.

నాన్న ఆమె పెదాలు చూసి అర్థం చేసుకుని నవ్వాడు. కాని ఆ సాయంత్రం పనిముట్లన్నీ ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి, పెట్టెలో సర్ది, మూత వేశాడు. పానాలు అంత శుభ్రంగా ఉండడం పిచ్చుక ఎప్పుడూ చూడలేదు. చచ్చిపోయిన వాళ్ళకి స్నానం చేయించినట్టు అనిపించి బయటికి వెళ్ళిపోయింది.

ఈ రోజు శనివారం. రెండు అద్దాలున్న బండి నడపవచ్చని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆయన నడపగలిగే బండి ఈ రోజు దొరక్కపోతే సోమవారం స్టూలే.

తలుపు తోయగానే చల్లగాలి, కొత్త రబ్బరు వాసన. బండ్లు వరసగా ఒకే వైపు తలలు తిప్పుకుని నిలబడి ఉన్నాయి. నేల ఎంత నున్నగా ఉందంటే ప్రతి బండి కిందా ఇంకొక బండి తలకిందులుగా నిద్రపోతోంది. పిచ్చుక ఆ నిద్రపోయే బండ్ల మీద అడుగు పడకుండా నడిచింది.

టై కట్టుకున్నాయన ఎదురొచ్చాడు. "రండి సార్. మైలేజీ బండి చూపించమంటారా, స్పీడు బండా?"

"నాన్నకి వినబడదండీ. నాతో చెప్పండి" అంది పిచ్చుక.

"ఏంటి పాపా?"

"వినబడదండీ."

అంతే, టై గారు గొంతు పెంచాడు. "మైలేజీ బండా సార్?" అటు పక్కన సీట్లు చూస్తున్న దంపతులు ఉలిక్కిపడి తిరిగి చూశారు.

నాన్న ఆయన నోటివైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "అరిచినా అంతే బాబూ, గొణిగినా అంతే. గొంతు పాడుచేసుకోకు."

పిచ్చుక బస్సులో వచ్చినంతసేపూ ఒకే వాక్యం వల్లె వేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు కళ్ళు నేలకేసి దించి ఆ వాక్యం అప్పజెప్పింది. "అన్నిటికంటే అదురు ఎక్కువ ఉండే బండి ఏదండీ?"

"అదురా?" టై గారు హాయిగా నవ్వాడు. "మా బండ్లలో అదురన్నదే ఉండదు. వెన్నపూస మీద కూర్చున్నట్టు ఉంటుంది."

"అలా కాదండీ. మాకు అదురు కావాలి."

నవ్వు ముఖం మీదే ఉండిపోయింది గాని కళ్ళు మాత్రం దారి తప్పాయి. "కావాలా?"

"ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో నాన్నకి చేతుల్లో తెలియాలి. అప్పుడు గేరు మారుస్తారు."

"దానికేం పాపా, స్క్రీను ఉంది. ఏ గేరులో ఉన్నారో అంకె చూపిస్తుంది, ఎప్పుడు మార్చాలో బాణం చూపిస్తుంది."

పిచ్చుక నాన్న వైపు తిరిగి ఒక్కొక్క మాటే పెదాలతో చెప్పింది. నాన్న తల అడ్డంగా ఊపాడు. "పొలం గట్టు మీద కళ్ళు బాణం మీద పెడితే బండి కాలవలో ఉంటుంది. గేర్లు లేని స్కూటరు మాటెత్తకు, దాని చిన్న చక్రాలు బురదలో దిగితే ఎడ్లు రావాలి."

టై గారు చేతిలోని రంగుల కాగితం తిరగేశాడు. ముందు వైపు చదివాడు, వెనక వైపు చదివాడు. అదురు గురించి ఉన్నది ఒక్కటే ముక్క, అసలు లేదని. దాన్నే ఇంకోసారి చదివి వినిపించాడు.

నాన్న ఈలోగా దగ్గరున్న బండి హ్యాండిల్ పట్టుకుని చూస్తున్నాడు. రెండు కొసల్లోనూ మెరిసే ఇనప బిళ్ళలు బిగించి ఉన్నాయి. గోటితో తట్టి, "ఇవెందుకు?" అన్నాడు.

"అందానికి సార్."

"అందానికి ఇంత బరువా?"

"ఖరీదైనదేదైనా బరువుగానే ఉంటుంది సార్" అన్నాడు టై గారు. ఆ మాట తనకే నచ్చినట్టు ఇంకో బండి దగ్గరికి వెళ్ళి కూడా చెప్పాడు.

పిచ్చుక అప్పుడే గోడ మీది బోర్డు చూసింది. పెద్దక్షరాలతో రాసి ఉంది: మా సిబ్బంది నోట 'తెలియదు' అన్న మాట రాదు. నిజంగానే రాలేదు. టై గారు వాళ్ళని స్క్రీను గురించి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆమె ఫోనుని బండికి ఎలా కలపాలో చూపించి, ఎవరైనా ఫోను చేస్తే హెల్మెట్‌లో వినబడుతుందని ఉత్సాహంగా చెప్పింది. చెప్పాక నాన్న ముఖం చూసి ఎర్రబడింది. పాపం, వెంటనే లేచి వాళ్ళని మేనేజరు గదిలోకి తీసుకెళ్ళింది.

మేనేజరు అంతా విన్నాడు. విని ఒక కాగితం తీసి, 'అదురు' అన్న మాట పక్కన గీత పెట్టాడు.

"ఏంటండీ అది?"

"ఫిర్యాదు నమోదు చేశానమ్మా. రెండు రోజుల్లో ఫోను వస్తుంది."

"మేమింకా బండే కొనలేదండీ."

"అయినా మీ ఫిర్యాదు మాకు ముఖ్యం."

పిచ్చుకకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు బయటికి వస్తుందోనని పెదవి కొరికిపట్టుకుంది. జరిగింది నాన్నకి చెబితే ఆయన కుర్చీలోంచి లేచాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటారు కదూ. ఇక్కడ శంఖానికే చెవుడొచ్చింది. పద తల్లీ." రెండడుగులు వేసి ఆగాడు. "పోనీలే. స్టూలు మీద కూర్చోవడం కూడా పనే."

ఆ చివరి మాట ఆయన చాలా తేలికగా అన్నాడు. అందుకే పిచ్చుక కాళ్ళు కదల్లేదు.

హాలు చివర ఒక తలుపు తెరుచుకుని మూసుకుంటోంది. దాని మీద 'సిబ్బందికి మాత్రమే' అని ఉంది. తెరుచుకున్నప్పుడల్లా లోపలి నుంచి పెట్రోలు వాసన, ఒక ముక్క ఎండ వచ్చి నున్నటి నేల మీద పడి మాయమవుతున్నాయి. అలా తెరుచుకున్న ఒకసారి పిచ్చుకకి లోపల ఒక ఆడమనిషి కనబడింది. నూనె మరకల చొక్కా, చెవి వెనక పెన్సిలు. తిరుగుతున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి, తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసుకుని ఉంది. అచ్చం నాన్నలా.

పిచ్చుక నాన్న చెయ్యి పట్టుకుంది. ఎవరినీ అడగలేదు. అడిగితే నోరు పెగలదని దానికి తెలుసు. నేరుగా నడిచి తలుపు తోసింది.

"అక్కా" అంది. మొదటిసారి వినబడలేదు. ఇంజను మోతకి పైగా రెండోసారి అంది. "అక్కా, అదురు ఎక్కువున్న బండి ఏది? నాన్నకి చెవులు వినబడవు. చేతులతో విని నడుపుతారు."

ఆ అక్క ఇంజను ఆపింది. నాన్నని పైనుంచి కిందికి చూసింది, ముఖ్యంగా ఆయన చేతుల్ని చూసింది.

"తెలీదమ్మా" అంది.

పొద్దుటి నుంచి ఆ మాట ఎవరూ అనలేదు. పిచ్చుకకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"పదకొండేళ్ళుగా అదురు తగ్గించమని ప్రాణం తీసేవాళ్ళనే చూశాను. పెంచమన్నవాళ్ళు ఇదే మొదలు. ఉండండి, చూద్దాం."

టై గారు పరుగున వచ్చాడు. "అక్కా, కస్టమర్లు లోపలికి రాకూడదు."

"నువ్వెప్పుడైనా లోపలికి వచ్చి ఉంటే వాళ్ళు రావాల్సిన పని ఉండేది కాదు. ఆ పదో నంబరు పానా ఇలా అందుకో."

టై గారు పానాల వైపు చూశాడు. ఒకటి తీశాడు. అది పన్నెండు.

అక్క నవ్వలేదు, కోప్పడలేదు. "దీని మీదే రాసుంటుంది, చూడు" అని అంకె చూపించింది. తర్వాత జనం నడిపి చూడటానికి ఉంచిన బండ్లు మూడు ముందుకు తోసింది. నాన్నని మొదటి దాని మీద కూర్చోబెట్టి ఇంజను వేసింది. నాన్న కాసేపు చూసి, "పడుకుంది, లేపకండి" అన్నాడు. రెండోది, "చీమలు పాకుతున్నాయి, ఎక్కడికి పోతున్నాయో చెప్పడం లేదు."

మూడోది అన్నిటికంటే సాదా బండి. స్క్రీను లేదు, మెరుపు లేదు. అయినా నాన్న పెదవి విరిచాడు. "ఏదో అంటోంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని అంటోంది."

"గుడ్డే" అంది అక్క. వంగి హ్యాండిల్ కొసల్లోని ఇనప బిళ్ళలు విప్పింది.

"అవి అందానికి కదా?" అన్నాడు టై గారు.

"అదురు మింగడానికి. బరువు ఉంటే హ్యాండిల్ వణకదు." కాళ్ళు పెట్టుకునే కడ్డీల రబ్బరు తొడుగులు కూడా లాగేసింది. మళ్ళీ ఇంజను వేసి పిచ్చుకతో అంది. "కళ్ళు మూసుకోమను. గేరు మార్చాలనిపించినప్పుడు వేలు ఎత్తమను. ఎక్సలేటరు నేను తిప్పుతాను."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, మోకాళ్ళు ట్యాంకుకి ఆనించి. అక్క నెమ్మదిగా తిప్పింది. ఇంజను గొంతు పెరిగింది, ఇంకా పెరిగింది, ఇక చాలు అని పిచ్చుక గుండెకి అనిపించిన చోట నాన్న చూపుడు వేలు లేచింది. ఇంకోసారి. ఈసారి అక్క మోసం చేసి సగంలో తగ్గించింది. వేలు లేవలేదు. మళ్ళీ పెంచింది. లేచింది. షెడ్డు రేకుల సందులోంచి ఎండ ఆయన ముఖం మీద పడుతోంది. కలలో ఎవరో తెలిసినవాళ్ళు మాట్లాడితే వింటున్నవాడిలా ఉన్నాడు.

టై గారు తనకి తెలియకుండానే వచ్చి సీటు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు ఉంచి, చెయ్యి తీసి చూసుకున్నాడు.

"ముందు షెడ్డు వెనక పెరట్లోనే తిప్పండి. రోడ్డు తర్వాత" అంది అక్క. ఇద్దరికీ హెల్మెట్లు ఇచ్చింది. "కంపెనీ ఇచ్చిన బిళ్ళలు తీసేశాను, చేతులు తిమ్మిరెక్కుతాయి. నాన్నతో చెప్పమ్మా."

పిచ్చుక చెప్పింది. "తిమ్మిరా?" అన్నాడు నాన్న. "ఎక్కనీ."

పిచ్చుక వెనక కూర్చుంది. హెల్మెట్ దానికి పెద్దది, లోపలి మెత్తటి దూది రెండు చెవుల్నీ మూసేసింది. అక్క ఏదో చెబుతోంది, పెదాలు మాత్రమే కనబడుతున్నాయి. బండి కదిలింది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత అరికాళ్ళలోంచి సన్నగా మొదలైంది, పిక్కల్లోకి ఎక్కింది, మోకాళ్ళ దగ్గర చిక్కబడింది. ఇప్పుడు, అనుకుంది పిచ్చుక. నాన్న కాలు కదిలింది. చిక్కటిది ఒక్కసారిగా పలచబడి, మళ్ళీ అడుగు నుంచి అల్లుకోవడం మొదలుపెట్టింది.

పెరటి గోడ, ఆరేసిన గుడ్డలు, పాత టైర్ల గుట్ట, మళ్ళీ గోడ. మూడో చుట్టుకి నాన్న గేటులోంచి వీధిలోకి తిప్పాడు. ఇళ్ళూ మనుషులూ ఏ చప్పుడూ లేకుండా వెనక్కి తేలిపోతున్నారు. పిచ్చుక రెండు చేతులూ నాన్న వీపు మీద పెట్టుకుంది. అక్కడ ఇంకేదో అదురు. ఇంజనుది కాదు, ఆగి ఆగి వస్తోంది. నాన్న మాట్లాడుతున్నాడు.

హెల్మెట్ కొంచెం పైకెత్తి చెవి బయటపెట్టేసరికి మాట సగం అయిపోయింది.

"... కాలవ పక్క మోటారు కూడా చూడాలి. సోమవారం పొద్దున్నే."