ముందు క్యారియరులో ఇటుకలు

ఆయన రోజూ పొద్దున్నే మిల్లు నుంచి పిండి బస్తాలు వేసుకుని, దారిలో ఇంటి దగ్గర ఆగి టీ తాగి, బేకరీకి వెళ్లేవాడు. వెనక క్యారియరు మీద రెండు బస్తాలు పడితే సైకిలు ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అందుకని ముందు క్యారియరులో ఎనిమిది ఇటుకలు పేర్చి తాడు బిగించేవాడు. వెనక బరువుండగా ముందు తాడు ముట్టుకోకూడదు. పెళ్లయిన కొత్తలో భార్యకు ఆయన నేర్పిన మొదటి పాఠం అదే.

ఆమెకు మతిమరుపు మొదలయ్యాక ఇటుకలతో పని తగ్గుతూ వచ్చింది. ఆమె మర్చిపోయిందల్లా వెళ్లి ముందు క్యారియరులో కూర్చునేది. కంటికి కనబడదు, బరువు మాత్రం ఉంటుంది. చెల్లెలు ఉండే వీధి మర్చిపోయిన రోజు ఒక ఇటుక దిగింది. కుట్టుమిషన్‌లో దారం ఎక్కించడం మర్చిపోయిన రోజు ఇంకోటి. "పిన్ని మతిమరుపు నీకు కలిసొచ్చింది బాబాయ్" అని బేకరీ అతను ఆట పట్టించేవాడు.

ఆయన టీ తాగుతుండగా ఆమె ముందు టైరును బొటనవేలితో నొక్కి చూసి, గోడవార చేరిన ఇటుకలు లెక్కపెట్టుకునేది. నిన్నటికి ఐదు. ఇవాళ ఎనిమిది.

ఒక్క రాత్రిలో మూడు ఇటుకల బరువు. ఆమె ఇల్లంతా తిరిగి ఒక్కో వస్తువూ తడుముకుంది. నిన్న గుర్తున్నవన్నీ ఇవాళా గుర్తున్నాయి. ట్రంకు పెట్టె అడుగున మాత్రం ఒక ఎర్ర గౌను దొరికింది, ఐదేళ్ల పిల్లకు సరిపోయేది.

"ఇదెవరిదండీ?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఎవరిదో. అక్కడే ఉంచు," అని, వెళ్లి ముందు తాడుకు ఇంకో ముడి వేశాడు. ఆ తర్వాత ఖాళీ క్యారియరు మీద ఎండ పడకుండా తన తువ్వాలు కప్పాడు.

అది చూశాక ఆమె ఆగలేకపోయింది. ఆయన చెప్పులు వేసుకుని వచ్చేలోగా రెండు ముళ్లూ లాగేసింది.

సైకిలు గుర్రంలా ముందుకాళ్లెత్తింది. బస్తాలు నేలకు కొట్టుకుని పగిలాయి. వాకిలంతా పిండి. ఆ తెలుపులో ముందు చక్రం దగ్గర్నుంచి చిన్న చిన్న పాదాల గుర్తులు ఒక్కొక్కటే పడుతూ వచ్చి, ఆమె కాళ్ల దగ్గర ఆగాయి.

జ్వరం. తడిగుడ్డ. మూడు రాత్రుళ్లు, నాలుగో తెల్లవారుజాము. పేరుతో సహా అన్నీ వచ్చి మీద పడ్డాయి. వాటి వెనకే చెల్లెలి వీధి, మిషన్‌లో దారం కూడా.

"ఆ జ్ఞాపకం పోతే పోయిందిలే అనుకున్నానే," అన్నాడాయన, పిండిలో చతికిలబడి. "ముప్పై ఏళ్లకి మొదటిసారి రాత్రి నువ్వు నిద్రపోయావు. పిల్లని నేను సైకిలు మీద తిప్పుకుందామనుకున్నా."

"నా పిల్ల బరువు నాకుండనీయండి," అంది. "మిగతావి తీసుకుపోండి."

మర్నాడు ఎనిమిది ఇటుకలూ మళ్లీ ముందుకెక్కాయి. ఆ తర్వాత ఆమె చాలా మర్చిపోయింది. పొయ్యి వెలిగించడం, చెల్లెలి ముఖం, చివరికి ఆయనెవరో కూడా. ఒక్కో ఇటుకా దిగి గోడవారకు చేరింది. ఐదు దిగి ఆగిపోయాయి.

మిగిలిన మూడూ, ఆయన సైకిలు తొక్కినన్నాళ్లూ ముందు క్యారియరులోనే ఉన్నాయి.